చిరుత వేట: చంపడం ఒక వంతు, దక్కించుకోవడం మూడు వంతులు

క్లుప్తంగా: ఆఫ్రికా సవానాలో, అంటే అక్కడక్కడా చెట్లుండే గడ్డి మైదానాల్లో, చిరుతకి వేటాడటం ఎంత కష్టమో, వేటాడింది తన కడుపులోకి చేరేదాకా కాపాడుకోవడం అంతకంటే కష్టం. ఒంటరిగా తిరుగుతుంది, సింహం ముందు చిన్నది, హైనాల గుంపుకి ఎదురు నిలబడలేదు. చప్పుడు కాకుండా దగ్గరికి చేరడం, పీక పట్టి నోరు లేవకుండా చంపడం, వెంటనే పొదలోకి లాగడం, చెట్టెక్కించడం, ఇవన్నీ ఈ పరిస్థితికి తగ్గట్టు వచ్చిన అలవాట్లే. పోటీ లేని చోట ఇదే జంతువు చెట్టు జోలికి పెద్దగా పోదు.

ఫోన్‌లో రీల్స్ తిప్పుతుంటే ఎక్కడో ఒక చోట ఆఫ్రికా సఫారీ క్లిప్ తగులుతుంది. గడ్డిలోంచి చుక్కల ఒళ్ళు ఒకటి ఒక్కసారిగా లేస్తుంది, ఇంపాలా అనే జింక లాంటి జంతువు కింద పడుతుంది, చిరుత పీక పట్టుకుని కాసేపు కదలకుండా ఉంటుంది, వీడియో అక్కడితో అయిపోతుంది. కామెంట్లలో మాత్రం ప్రశ్నలు ఆగవు. ఇది చిరుతా చీతానా, అంతసేపు పీక ఎందుకు వదల్లేదు, చంపాక తినకుండా అటూ ఇటూ ఎందుకు చూస్తోంది, తనంత బరువున్నదాన్ని చెట్టు మీదకి ఎందుకు లాక్కెళ్తోంది, హైనా రాగానే అంత పెద్ద పిల్లి వేటని వదిలేసి పోవడం ఏంటి అని. వేరువేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ వీటి వెనక ఉన్న కారణం ఇంచుమించు ఒకటే.

ఇలాంటి వీడియోలు చాలా వరకు దక్షిణాఫ్రికాలోని సాబీ శాండ్ నుంచి వస్తుంటాయి. క్రూగర్ నేషనల్ పార్కుని ఆనుకుని ఉన్న ప్రైవేటు అడవి అది, రెండింటి మధ్య ఉన్న కంచెని 1993లో తీసేశారు. వంద చదరపు కిలోమీటర్లకి దాదాపు 12 చిరుతలు ఉన్నాయని అక్కడి లెక్క, అంటే ప్రపంచంలోనే చాలా ఎక్కువ. దశాబ్దాలుగా జీపులు చూసీ చూసీ అక్కడి చిరుతలు బండి పక్కనుంచే నడుచుకుంటూ పోతాయి. గైడ్లు ఒక్కో చిరుతని మీసాల పైన ఉండే చుక్కల వరసని బట్టి గుర్తుపడతారు. మామూలుగా మనిషి కంట పడకుండా బతికే జంతువు ఇలా పట్టపగలు కెమెరా ముందు వేటాడటం ఇక్కడ కుదిరినంతగా ఇంకెక్కడా కుదరదు. అందుకే వీడియోలు చూసి చిరుత బతుకంతా ఇలాగే ఉంటుందనుకుంటే పొరపాటే, చాలా చోట్ల అసలు కథ చీకట్లో నడుస్తుంది.

## ముందు పేరు సంగతి

తెలుగులో చిరుత, చీతా అనే రెండు మాటలు బాగా కలగలిసిపోయాయి. 2022 సెప్టెంబర్‌లో నమీబియా నుంచి మధ్యప్రదేశ్‌లోని కూనోకి వచ్చిన 8 జంతువులు చీతాలు. ఒంటి మీద విడివిడి గుండ్రటి చుక్కలు, కంటి లోపలి కొస నుంచి నోటి దాకా నల్లటి చార ఉంటే అది చీతా. నల్ల మచ్చలు పూరేకుల్లా గుంపుగా చేరి మధ్యలో ముదురు పసుపు కనిపిస్తే చిరుత. జాగ్వార్ ఆఫ్రికాలోనే లేదు, అది అమెరికా ఖండాల జంతువు. నల్లమలలో, శేషాచలం కొండల్లో తిరిగే చిరుత, ఆఫ్రికా చిరుత ఒకటే జాతి, ఉపజాతులు మాత్రం వేరు.

పేరు తేడా ఇక్కడ ఊరికే చెప్పడం లేదు, వేట పద్ధతి మొత్తం అందులోనే తేలిపోతుంది. చీతా పరిగెత్తి పట్టుకునే జంతువు, దాని మెడకి కాలర్ కట్టి కొలిస్తే గంటకి 93 కిలోమీటర్ల వేగం నమోదైంది. చిరుత మహా అయితే 60 దగ్గర, అదీ కొన్ని క్షణాలే. పరుగు పందెంలో అది ఇంపాలాని గెలవలేదు. కాబట్టి పందెం మొదలవ్వకముందే పని అయిపోవాలి.

## ఒంటరి జంతువు లెక్కలు

సింహాలకి గుంపు ఉంది. ఆఫ్రికా అడవి కుక్కలకీ గుంపు ఉంది. చుక్కల హైనాలు, అంటే మన దుమ్ములగొండి వైపు బంధువులు, పెద్ద పెద్ద గుంపులుగా బతుకుతాయి, వాటిలో ఆడదే పెత్తనం. చిరుతకి ఎవరూ లేరు. తల్లి, పిల్లలు కలిసుండే రోజులు తప్పిస్తే పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా తన తిండి తనే చూసుకోవాలి. సవానాలో మగ చిరుత 60 కేజీలు అటూ ఇటూ ఉంటుంది, ఆడది 35 నుంచి 40. ఒక్క హైనానే 60 కేజీల పైన తూగుతుంది, మగ సింహం సంగతి చెప్పక్కర్లేదు.

గుంపులో ఉన్న సింహానికి కాలు విరిగిందనుకుందాం, మిగతావి చంపినదాంట్లో కొంచెం తిని కొన్నాళ్ళు లాక్కురావచ్చు. చిరుతకి ఆ వెసులుబాటు లేదు, కాలో పంజానో పన్నో పాడైతే తర్వాతి వేట లేదు, వేట లేకపోతే ప్రాణం లేదు. అందుకే హైనా ఒక్కటే వచ్చినా చాలాసార్లు చిరుత కొట్లాటకి దిగకుండా పక్కకి తప్పుకుంటుంది. చూసేవాళ్ళకి అది పిరికితనంలా అనిపిస్తుంది గానీ అది లెక్క. ఒక ఇంపాలా పోతే ఇంకోటి దొరుకుతుంది, కాలు పోతే ఇంకోటి రాదు.

ఎరని ఎంచుకోవడం కూడా ఈ లెక్క ప్రకారమే. ఆఫ్రికా, ఆసియాల్లో జరిగిన 33 అధ్యయనాలని కలిపి 2006లో ఒక విశ్లేషణ చేశారు. చిరుతలు 10 నుంచి 40 కేజీల మధ్య ఉండే జంతువులని ఎక్కువగా ఇష్టపడతాయని, 25 కేజీల దగ్గర ఆ ఇష్టం గరిష్ఠంగా ఉంటుందని అందులో తేలింది. ఇంపాలా, బుష్‌బక్, డైకర్ అనే చిన్న జింక లాంటి జంతువు, ఇవి ముందు వరసలో ఉంటాయి. ఒంటరిగా కింద పడెయ్యగలిగేంత చిన్నది, రెండు మూడు రోజులు తినగలిగేంత పెద్దది, అవసరమైతే ఎత్తుకుని చెట్టెక్కగలిగేంత బరువు, ఈ మూడూ కలిసే చోటే ఆ 25 కేజీలు ఉంది. అలాగని చిరుత ముక్కు తిప్పే రకం కాదు. సహారాకి దక్షిణాన 90కి పైగా జాతుల జంతువులని అది తిన్నట్టు నమోదైంది, ఎలుకలు, పక్షులు, చేపల దగ్గర్నుంచి పేడపురుగుల దాకా.

## ఐదు పది మీటర్ల కోసం గంటల కొద్దీ

ఇంపాలా ఒక్క దూకుతో పది మీటర్ల దాకా వెళ్ళిపోగలదు. కాబట్టి చిరుత దానికి ఐదు పది మీటర్ల దగ్గరికి చేరకుండా లేస్తే లేచినా దండగే. ఆ దూరానికి చేరడమే అసలు వేట. పొట్ట నేలకి ఆనించి పాకుతుంది, ముందు కాలు తీసిన చోటే వెనక కాలు పెడుతుంది, దాంతో ఎండుటాకు మీద కొత్తగా ఇంకో అడుగు పడదు. ఎర తల ఎత్తితే రాయిలా ఆగిపోతుంది, తల దించి మేత మొదలుపెడితే మళ్ళీ కదులుతుంది. చెదల పుట్టలు ఎక్కి చుట్టూ చూసుకోవడం, ఎండిన వాగుల్లోంచి కనపడకుండా నడవడం, వార్ట్‌హాగ్ అనే అడవిపంది బొరియ ముందు మాటు వేసి అది బయటికి వచ్చేదాకా కూర్చోవడం, ఇవన్నీ దాని పద్ధతులే. గంట సేపు పాకి పాకి చివర్లో గాలి తిరిగిందనో ఇంకేదో పక్షి అరిచిందనో వదిలేసి వెళ్ళిపోవడం మామూలే.

ఎన్నిసార్లు ప్రయత్నిస్తే ఒకసారి దొరుకుతుందనే విషయంలో దొరికే అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి, చదివేవాళ్ళని గందరగోళపెట్టేది కూడా ఇదే. టాంజానియాలోని సెరెంగెటిలో పగటిపూట చూసిన వేటల్లో ఫలించినవి దాదాపు 5 శాతమే. నమీబియా ఈశాన్య మూలలో చేసిన అధ్యయనంలో మాత్రం 38 శాతం. అదే జంతువు, ఇంత తేడా ఎలా అంటే, చూసిన తీరే వేరు. సెరెంగెటిలో జీపుల్లో కూర్చుని వెలుతురు ఉన్నప్పుడు చూశారు. నమీబియాలో జుహోన్సీ అనే శాన్ తెగ వాళ్ళు, అడుగుజాడలు చదవడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు, పొద్దున్నే ఇసుకలో చిరుత గుర్తులు చూసి రాత్రి అది ఎక్కడ పాకింది, ఎక్కడ దూకింది, దొరికిందా లేదా అని మొత్తం కథని తిరిగి చెప్పగలిగారు. అంటే ఒకచోట పగటి లెక్క, ఇంకోచోట రాత్రితో కలిపిన లెక్క. ఒకే అంకె పట్టుకుని చిరుత మంచి వేటగాడనో కాదనో తేల్చడం కుదరదు.

రాత్రి ఎందుకు కలిసొస్తుందో చెప్పడం తేలికే. చిరుత కంటి వెనక అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది, లోపలికి వచ్చిన కాస్త వెలుగుని అది మళ్ళీ వెనక్కి తిప్పి కొడుతుంది, మన ఇంటి పిల్లి కళ్ళు టార్చి వేస్తే మెరిసేది దీనివల్లే. జాంబియాలోని సౌత్ లువాంగ్వా పార్కులో రాత్రి సఫారీలకి అనుమతి ఉంది, చిరుత వేట చూడాలనుకునేవాళ్ళు అక్కడికి పనిగట్టుకుని వెళ్ళేది ఇందుకే.

## ఎర ఎక్కువున్న చోటికి కాదు, దొరికే చోటికి

జింకల మంద ఎక్కడ పెద్దగా ఉంటే చిరుత అక్కడికే వెళ్తుందని ఎవరైనా అనుకుంటారు. దక్షిణాఫ్రికాలోని క్వాజూలు-నటాల్‌లో ఫిండా అనే అడవిలో దీన్ని సరిచూశారు, 2007లో ఫలితాలు వచ్చాయి. చిరుతలు ఎర ఎక్కువగా ఉన్న చోట కాకుండా, ఎర కాస్త తక్కువున్నా పట్టుకోవడానికి వీలున్న చోటే ఎక్కువగా వేటాడుతున్నాయి. మరీ బట్టబయలైతే దాక్కోవడానికి ఏమీ ఉండదు. మరీ చిక్కటి పొదలైతే ఎర కనపడదు, అడుగు తీస్తే ఆకు చప్పుడు. మధ్యస్తంగా ఉన్న గడ్డి, అక్కడక్కడా పొదలు, అదీ దానికి కావాల్సింది.

ఈ చిన్న విషయం తెలిస్తే చిరుత ఊళ్ళ అంచుల్లో, నడకదారుల పక్కన, చెరకు తోటల్లో ఎందుకు కనిపిస్తుందో కూడా కొంత అర్థమవుతుంది. అది అడవి నడిబొడ్డు కంటే అంచుని వాడుకునే జంతువు.

## పసిగడితే కథ అయిపోయినట్టే

ఇంపాలా చిరుతని చూస్తే పారిపోదు. చాలామందికి ఇది వింతగా అనిపిస్తుంది. మంద మొత్తం దానివైపే తిరిగి నిలబడి ముక్కుతో గట్టిగా బుసకొడుతూ, కాలు నేలకేసి కొడుతూ చూస్తుంది. చూపు తిప్పనంత కాలం చిరుత ఏమీ చెయ్యలేదని వాటికి తెలుసు. చిరుత కూడా ఇక దాగుడుమూతలు ఆపి, తోక పైకి వంచి లోపలి తెలుపు కనపడేలా తాపీగా నడుచుకుంటూ వెళ్ళిపోతుంది. వేట లేదు, అరుపులు ఆపండి అని చెప్తున్నట్టుంటుందని అక్కడి గైడ్లు అంటారు.

కోతుల సంగతి ఇంకా బాగుంటుంది. కెన్యాలోని అంబోసెలిలో వెర్వెట్ కోతుల మీద చేసిన పరిశోధన 1980లో వచ్చింది, చేసినవాళ్ళు సేఫార్త్, చీనీ, మార్లర్. ఆ కోతులు చిరుతకి ఒక అరుపు, గద్దకి ఇంకో అరుపు, పాముకి మరో అరుపు అరుస్తాయి. అక్కడ నిజంగా ఏ జంతువూ లేకుండా ఉత్త రికార్డింగ్ వినిపించినా, చిరుత అరుపు వింటే చెట్టెక్కుతాయి, గద్ద అరుపు వింటే పైకి చూస్తాయి లేదా పొదలోకి దూరతాయి, పాము అరుపు వింటే రెండు కాళ్ళ మీద నిలబడి గడ్డిలో వెతుకుతాయి. పశ్చిమాఫ్రికాలో ఐవరీ కోస్ట్ దేశంలోని తాయ్ అడవిలో రేడియో కాలర్లు కట్టిన చిరుతలని గమనిస్తే, కోతులు ఒకసారి అరిచాక అవి మాటు వదిలేసి అక్కడి నుంచి వెళ్ళిపోతున్నాయి. అంటే ఆ అరుపు తోటి కోతులకే కాదు, చిరుతకి కూడా చేరే కబురు. నిన్ను చూసేశాం, ఇక లాభం లేదు అని.

## పీక పట్టు ఎందుకు

చిన్న జంతువైతే మెడ వెనక ఒక్క కొరుకుతో పని అయిపోతుంది. ఇంపాలా సైజుకి వచ్చేసరికి చిరుత పంజాతో లాగి పడేసి గొంతు పట్టుకుంటుంది, గాలి ఆడకుండా చేసి చంపుతుంది, దీనికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. చూడటానికి కష్టంగా ఉంటుంది, నిజమే. కానీ పీక పట్టు వల్ల మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. కొమ్ములూ గిట్టలూ తనకి తగలవు. తను ఒక్కతే పట్టు తప్పకుండా ఉంచగలదు. అన్నిటికంటే ముఖ్యం, ఎర గొంతు లేవదు. ఇంపాలా పెట్టే ఒక్క అరుపు చాలు, హైనాలు దూరం నుంచే విని వచ్చేస్తాయి.

అడవి కుక్కలు, హైనాలు బతికుండగానే తినడం మొదలుపెడతాయని వాటిని తిట్టుకునేవాళ్ళు ఉన్నారు. గుంపుగా ఉన్నవాటికి ఎవరో ఒకరు పట్టుకుంటే ఇంకొకరు తింటారు, పోటీ లోపలే ఉంది కాబట్టి తొందర ఎక్కువ. చిరుత ముందు చంపి తర్వాత తినడం దయ వల్ల కాదు, ఒక్కతే ఉండి రెండు పనులూ ఒకేసారి చెయ్యలేక.

చంపాక అది రొప్పుతూ చుట్టూ చూసే ఆ రెండు మూడు నిమిషాలు కూడా అందుకే. పెనుగులాట చప్పుడు ఎవరు విన్నారో దానికి తెలియాలి. పగలైతే ఇంకో చిక్కు, రాబందులు. అవి పైన తిరగడం మొదలుపెడితే కింద ఏదో చచ్చిందని హైనాలకీ సింహాలకీ బోర్డు పెట్టినట్టే. కాబట్టి కళేబరాన్ని ముందరి కాళ్ళ మధ్య వేలాడేసుకుని, తల ఎత్తి, పొదల నీడలోకి ఈడ్చుకుపోతుంది.

## తినే వరస

మొదట ముందు పళ్ళతో వెంట్రుకలు పీకి పక్కకి ఊస్తుంది, పక్షైతే ఈకలు. తర్వాత పొట్ట వైపునో తొడ లోపలి వైపునో చీలుస్తుంది. బోటీ తినదు, పొట్టా పేగులూ బయటికి లాగేసి పక్కన పడేస్తుంది, ఒక్కోసారి వాటి మీద మట్టీ ఆకులూ గీరి కప్పేస్తుంది. కప్పెయ్యడం వల్ల వాసన కొంత అణుగుతుంది, లాగెయ్యడం వల్ల చెట్టెక్కించాల్సిన బరువు తగ్గుతుంది. గుండె, కార్జం, ఊపిరితిత్తులు ముందుగా పోతాయి, తర్వాత తొడలు, పక్కటెముకలు.

తినేటప్పుడు తల పక్కకి వాల్చి నములుతున్నట్టు కనిపిస్తుంది గానీ అది నమలడం కాదు. దవడ పక్కల ఉండే పళ్ళు కత్తెర రెక్కల్లా ఒకదాని పక్కన ఒకటి జారతాయి, మాంసాన్ని ముక్కలుగా కోస్తాయి, ముక్క ముక్కగానే మింగేస్తుంది. గరుకు నాలుకతో ఎముక మీది కండని గీకేస్తుంది.

సగటున రోజుకి మూడు నాలుగు కేజీల మాంసం దానికి సరిపోతుంది. ఒక ఇంపాలా దక్కితే, ఎవరూ లాక్కోకపోతే, మూడు నాలుగు రోజులు గడిచిపోతాయి. కలహారి లాంటి ఎడారి వైపు చిరుతలు రోజుల తరబడి నీళ్ళు తాగకుండా ఎర రక్తమాంసాల్లోని తడితోనే నెట్టుకొస్తాయి. కుళ్ళిన మాంసం తినదనేది కూడా నిజం కాదు, రెండు మూడు రోజుల కళేబరాన్నీ తింటుంది, ఎవరో చంపి వదిలేసింది దొరికినా వదలదు.

పిల్లల తల్లికి మాత్రం ఇక్కడే అసలు పరీక్ష. పిల్లలని రాళ్ళ మధ్యో పొదలోనో దాచి వేటకి వస్తుంది, చంపాక దాన్ని అక్కడే వదిలి వెనక్కి వెళ్ళి పిల్లలని వెంటబెట్టుకుని రావాలి. ఒక్కోసారి కిలోమీటర్ల నడక. ఆ కాసేపట్లో కాపలా ఎవరూ ఉండరు.

## చెట్టే లాకర్

సాబీ శాండ్‌లో వందకి పైగా చిరుతలు చేసిన రెండు వేల పైచిలుకు వేటలని లెక్కగట్టి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో దాదాపు సగం వేటలని చిరుతలు చెట్టెక్కించాయి. ఐదింటిలో ఒకటి ఎవరో ఒకరు లాక్కున్నారు, లాక్కున్నవాటిలో హైనాలదే పెద్ద వాటా. ఐదింటిలో ఒకటి అంటే మాటలు కాదు, వారానికి ఒక పెద్ద వేట దొరికే జంతువు నెలకి దాదాపు ఒకటి పోగొట్టుకుంటోంది.

అన్నిటినీ చెట్టెక్కించదు. మరీ చిన్నదైతే అక్కడికక్కడే తినేస్తుంది, మరీ పెద్దదైతే ఎత్తలేదు. తన బరువుకి దగ్గరగా ఉండి, ఒక్క పూటలో తినలేనిది, చుట్టుపక్కల హైనా ఉన్న జాడ తెలిస్తే అప్పుడు ఎక్కిస్తుంది. మెడా భుజాలూ ఎంత బలంగా ఉంటాయో చెప్పడానికి అందరూ ఉదహరించేది జిరాఫీ పిల్ల. తన కంటే బరువైన జిరాఫీ పిల్లని ఐదు మీటర్లకి పైగా ఎత్తులో కొమ్మ మీదకి చేర్చిన సందర్భం నమోదైంది. సాధారణంగా మరూలా, జాకల్‌బెర్రీ లాంటి చెట్లని చూసుకుంటుంది, కొమ్మల పంగలో ఇరికేలా కళేబరాన్ని సర్దుతుంది. సర్దడం కుదరక జారి పడిపోవడం, కింద కాచుకున్న హైనా దాన్ని అందుకుని పరుగెత్తడం కూడా మామూలే. మాంసం ముక్కలు రాలతాయని తెలిసి హైనాలు కింద గంటల కొద్దీ పడుకుని ఉంటాయి.

ఇక్కడ హైనాలకి న్యాయం చెయ్యాలి. అవి దొంగలే తప్ప వేటగాళ్ళు కాదనే పేరు తప్పు. హాన్స్ క్రూక్ అనే శాస్త్రవేత్త 1960ల్లో టాంజానియాలోని ఎన్‌గోరోంగోరోలో చేసిన పరిశీలనల్లో హైనాలు తమ తిండిలో ఎక్కువ భాగం సొంతంగా వేటాడి సంపాదించుకుంటాయని, చాలాసార్లు సింహాలే వాటి దగ్గర లాక్కుంటాయని బయటపడింది. చిరుత విషయంలో మాత్రం అవి దాని వెనకే తిరుగుతూ ఎప్పుడు చంపుతుందా అని కాచుకోవడం నిజం.

చెట్టు ప్రతి బెడదకీ మందు కాదు. సింహాలు కూడా కింది కొమ్మల దాకా ఎక్కుతాయి, మొరటుగా ఎక్కినా అందేదాన్ని లాగేస్తాయి. పెద్ద మగ చిరుత వస్తే ఆడ చిరుత చెట్టు మీద ఉన్నదాన్ని కూడా వదులుకోవాల్సిందే. కొత్తగా ఆ చోటికి వచ్చిన మగది పిల్లలనే చంపేస్తుంది. సాబీ శాండ్‌లో పుట్టిన పిల్లల్లో పెద్దయ్యేదాకా బతికేవి పదింటికి నాలుగు కూడా లేవు, చావులకి పెద్ద కారణం ఈ మగ చిరుతలే.

చెట్టెక్కించడం పుట్టుకతో వచ్చిన తప్పనిసరి అలవాటు కాదని చెప్పడానికి శ్రీలంక మంచి సాక్ష్యం. అక్కడ సింహం లేదు, పులి లేదు, హైనా లేదు, చిరుతే రాజు. అక్కడ వేటని నేల మీదే తినడం ఎక్కువ, చెట్టెక్కించడం అరుదు. కలహారిలో ఇంకో రకం, పెద్ద చెట్లే తక్కువ, అక్కడ దూరం దూరం ఈడ్చుకెళ్ళి పొదల్లో, ఒక్కోసారి వేరే జంతువులు తవ్విన బొరియల్లో దాస్తుంది. పక్కింటివాళ్ళు ఎవరనేదాన్ని బట్టి అలవాటు మారుతోంది.

## బబూన్లు, ఇరవై లక్షల ఏళ్ళ నాటి పుర్రె

చిరుతకి ఇష్టమైన తిండి బబూన్ కోతి అనేది పాత సఫారీ కథల్లోంచి వచ్చిన మాట. నిజానికి పగటిపూట బబూన్ల గుంపుతో పెట్టుకోవడం చిరుతకి ప్రాణం మీదకి తెచ్చుకోవడమే, మగ బబూన్ల కోరలు చాలా పొడుగు, అందరూ కలిసి మీదపడి చిరుతని చంపిన సందర్భాలున్నాయి. కెన్యాలోని లైకిపియాలో చిరుతలకీ కోతులకీ జీపీఎస్ కాలర్లు కట్టి చూస్తే, వెర్వెట్ కోతులని పగలు పట్టుకుంటున్నాయి, బబూన్లని రాత్రి అవి నిద్రపోయే చోట పట్టుకుంటున్నాయి. చీకట్లో బబూన్‌కి కళ్ళు సరిగ్గా కనపడవు, గుంపుకట్టి తిరగబడలేదు. ఒకే చిరుత ఎరని బట్టి టైం టేబుల్ మార్చుకుంటోంది.

ఇందులోనే మనిషి పూర్వీకుల ముచ్చట కూడా ఉంది. దక్షిణాఫ్రికాలోని స్వార్ట్‌క్రాన్స్ గుహలో మన దూరపు బంధువు లాంటి పారాంత్రోపస్ జాతి పిల్లది ఒక పుర్రె దొరికింది, వయసు దాదాపు 15 నుంచి 20 లక్షల ఏళ్ళ మధ్య. పుర్రె వెనక రెండు చిల్లులు. బాబ్ బ్రెయిన్ అనే శాస్త్రవేత్త ఆ చిల్లుల మధ్య దూరాన్ని అదే గుహలో దొరికిన చిరుత దవడ కోరలతో పోల్చి చూస్తే సరిగ్గా సరిపోయింది. అంతకు ముందు ఆ గుహల్లోని ఎముకల కుప్పలు చూసి మన పూర్వీకులే పెద్ద హంతకులని కొందరు రాశారు. బ్రెయిన్ వివరణ వేరు. ఆ పొడి నేలల్లో గుహ నోటి దగ్గరే చెట్లు పెరుగుతాయి, చిరుత వేటని ఆ చెట్టెక్కించి తింటుంది, ఎముకలు రాలి గుహలో పడతాయి. వేటగాడు అనుకున్నవాడే ఎర అని తేలింది, దానికి ఆధారం ఇప్పటికీ సవానాలో రోజూ కనిపించే ఆ చెట్టెక్కించే అలవాటే.

## ఊరు మారితే తిండి మారుతుంది

కేప్ టౌన్‌కి ఉత్తరాన సెడర్‌బర్గ్ కొండల్లో చిరుతలు చాలా చిన్నవి, మగది 35 కేజీల దగ్గరే ఆగిపోతుంది, అంటే సాబీ శాండ్ ఆడ చిరుతంత. అక్కడ ఇంపాలా మందలు లేవు. రాళ్ళ మధ్య తిరిగే కుందేలంత హైరాక్స్‌లు, క్లిప్‌స్ప్రింగర్ అనే కొండ జింక, ఇవే ఆధారం. ఒక్కోటి తిరగాల్సిన మేర కూడా చాలా పెద్దది.

కాంగో ప్రాంతపు వర్షారణ్యాల్లో సింహాలు లేవు, చుక్కల హైనాలు లేవు, చిరుతే అన్నిటికంటే పెద్ద వేటగాడు. సవానాలో దాని బతుకంతా ఎవరు లాక్కుంటారో అనే బెంగ చుట్టూ తిరిగింది కాబట్టి ఇక్కడ హాయిగా ఉండాలి. కానీ ఇక్కడ పోటీ వేరే వైపు నుంచి వచ్చింది.

## ఇప్పుడు లాక్కుంటున్నది ఎవరు

2016 నుంచి చిరుత, ఏ జాతికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ రెడ్ లిస్ట్‌లో ముప్పుకి లోనయ్యే జాతిగా ఉంది. ఒకప్పుడు తిరిగిన మేరలో దాదాపు 75 శాతం దాకా పోయి ఉండొచ్చని అదే ఏడాది వచ్చిన అంచనా. చిరుత ఎక్కడైనా బతికేస్తుంది, దానికేం కాదులే అనే నమ్మకం వల్లే ఈ తగ్గుదల ఆలస్యంగా కంటపడింది. దక్షిణాఫ్రికా 2016, 2017ల్లో ట్రోఫీ వేటకి, అంటే తలో తోలో గుర్తుగా దాచుకోవడానికి సరదాగా చేసే వేటకి, ఒక్క పర్మిట్ కూడా ఇవ్వలేదు, ఎన్ని ఉన్నాయో సరైన లెక్క లేదనేది దానికి ఒక కారణం.

తుపాకీ కంటే నెమ్మదిగా, చప్పుడు లేకుండా జరిగేది ఎర తగ్గిపోవడం. పశువుల మందలు పెరిగి జింకలు తగ్గిన చోట చిరుత మేకల దొడ్డి వైపు చూస్తుంది, రైతు విషం పెడతాడు లేదా ఉచ్చు వేస్తాడు. ఉచ్చు జింక కోసం వేసినా చిరుత కాలు అందులో పడుతుంది, ఒంటరి జంతువుకి కాలు పోతే ఏమవుతుందో పైన చెప్పుకున్నదే. సాబీ శాండ్ లాంటి చోట్ల జీపు టికెట్ల డబ్బు చిరుతని కాపాడుతోంది గానీ ఆఫ్రికాలో చిరుతలు తిరిగే నేలలో ఎక్కువ భాగానికి అలాంటి కంచె, కాపలా ఏమీ లేవు.

పైన చెప్పిన కాంగో ప్రాంతపు వర్షారణ్యాల్లోనే, గబాన్ దేశంలో చేసి 2011లో వచ్చిన పరిశోధన ఈ విషయాన్ని తేటగా చూపించింది. అక్కడి జనం మాంసం కోసం వేటాడేది డైకర్లు, అడవిపందులు, చిరుత తినేదీ అవే, అదే సైజు జంతువులే. ఊళ్ళకి దూరంగా ఉన్న అడవిలో చిరుతలు పెద్ద ఎర తింటూ బాగానే ఉన్నాయి. ఊళ్ళకి దగ్గరయ్యే కొద్దీ వాటి తిండిలో జంతువుల సైజు తగ్గుతూ వచ్చింది, చిరుతల సంఖ్యా తగ్గుతూ వచ్చింది. వేట బాగా ఎక్కువగా ఉన్న చోట చెట్లన్నీ అలాగే ఉన్నాయి, కెమెరాలు పెట్టి చూస్తే చిరుత ఒక్కటీ పడలేదు.